లవంగం జర ఎక్కువైంది

ఇస్సాకు మళ్లీ జాడీ మూత తీశాడు. వాసన చూశాడు. మూసేశాడు.

పొద్దుటి నుంచి కాలు ఒకచోట నిలవడం లేదు.

సాయంత్రం కూతురు రాహేలు పెళ్లి. బీరు కంపెనీలో మూటలు మోసే ఇస్సాకు యవలు మొలకెత్తించి, బెల్లం, అల్లం, లవంగాలు, దాల్చినచెక్క వేసి, పెళ్లివారి కోసం తన చేత్తో బీరు పులియబెట్టాడు. పురానాపూల్ బస్తీ మొత్తంలో ఇలాంటిది ఎవరూ తాగి ఉండరు. కుదిరిందో లేదో తెలియదు. ఆబ్కారీ వాళ్ల చెవిన పడితే మాత్రం పెళ్లింట్లోంచే జైలు.

"అన్నా, నాకో గిలాస పోస్తవా?"

పెరటి గుమ్మంలో ఎవరో ఒకతను నిలబడి ఉన్నాడు. నలిగిన చొక్కా, మాసిన గడ్డం.

"ఎవలు నువ్వు? పిల్లగాని తరఫోళ్లా?"

"పెండ్లని ఇని వచ్చిన."

తిండికి వచ్చిన బాపతు అనుకున్నాడు ఇస్సాకు. అయినా మనసు ఊరుకోలేదు. ఎవరో ఒకరు రుచి చెబితే చాలు. గ్లాసు నింపి ఇచ్చాడు.

అతను గటగటా తాగలేదు. గ్లాసు ఎండకు పట్టి రంగు చూశాడు. ఒక గుక్క నోట్లో నిలిపి కళ్లు మూసుకున్నాడు.

"ఎట్లున్నది?" ఇస్సాకు ఆగలేక అడిగాడు.

"లవంగం జర ఎక్కువైంది. అల్లం మంచిగ కుదిరింది. మింగినంక గూడ దాల్చిన నాల్క మీదనే ఉన్నది. మస్తు చేసినవన్నా."

ఇస్సాకు గుండె మీది బరువు దిగింది.

"ఇంకెక్కడన్న దాచినవా?" అడిగాడు అతను.

"లేదు భాయ్. గీ రెండు జాడీలే."

అతను వీధివైపు ఓసారి చూశాడు. గొంతు తగ్గించాడు.

"అన్నా, ఇది పారవొయ్యి. గిప్పుడే."

"ఏంది? మస్తున్నదంటివి గద!"

"మస్తున్నది. అయినా పారవొయ్యి. నన్నేం అడగకు."

"ఒక్క గిలాసకే ఎక్కిందా? నడువ్ బయటికి!"

అతను కదల్లేదు. చటుక్కున వంగి ఒక జాడీని మురుగునీళ్ల మోరీలోకి ఒరిగించాడు. ఇస్సాకు తేరుకునేలోపే రెండోదీ నురగలు కక్కుతూ మోరీ పాలైంది.

ఇస్సాకు కేకకు బామ్మర్ది ఇశ్రాయేలు పరుగెత్తుకొచ్చాడు. ఇద్దరూ కలిసి అతన్ని కొట్టారు. పెదవి చిట్లింది. అతను చెయ్యి అడ్డం పెట్టుకున్నాడే గానీ తిరగబడలేదు.

"కొడితే కొట్టుండ్రి. జాడీలు మాత్రం కడుగుండ్రి. వాసన రావొద్దు," అంటూ సందులోకి వెళ్లిపోయాడు.

ఇస్సాకు అక్కడే కూలబడ్డాడు. తండ్రిని అలా చూడలేక, రాహేలే నీళ్లు తెచ్చి జాడీలు కడిగింది. మోరీలో బిందెలు కుమ్మరించింది.

ఆ తడి ఆరకముందే వాకిట్లో జీపు ఆగింది. ఖాకీ బట్టల ఆబ్కారీ వాళ్లు వంటిల్లు, అటక, పెరడు గాలించారు. జాడీలు బోర్లించి చూశారు. ఇస్సాకు గోడ పట్టుకుని నిలబడ్డాడు.

"ఏం దొర్కలే," అన్నాడు జమేదారు విసుగ్గా. తర్వాత ఇస్సాకు వైపు తిరిగాడు.

"అవునే, సరుకు రుచి జూసి పక్కా చేస్తనని మా ఇన్‌స్పెక్టర్ సాబ్ మాకన్న ముందుగాల్నే మఫ్టీల వచ్చిండు, ఎటువోయిండు?"