ఇప్పచెట్ల కింది ముసలమ్మ

"ఆ దయ్యాల పాఠం ఇయ్యాల్నే బంద్ చెయ్యాలె టీచరమ్మా. లేకుంటే హెడ్మాస్టర్ దగ్గరికి పోత."

పినపాక అంగడిలో ఇప్పపువ్వు కొనే కుమారస్వామి తొమ్మిదో తరగతి గుమ్మంలో నిలబడ్డాడు. ఈ ఊళ్లో సెల్‌ఫోన్‌కు సిగ్నల్ అందదు. అందుకే కోపాన్ని మోటార్ సైకిల్ మీద మోసుకొచ్చాడు.

అరుణశ్రీ చేతిలో చాక్‌పీసు ఆగిపోయింది. తెలుగు పీరియడ్‌లో భయం కథలు మొదలుపెట్టాకే పిల్లలు బడి ఎగ్గొట్టడం మానారు. ఆ పాఠం పోతే సగం బెంచీలు మళ్లీ ఖాళీ.

కుమారస్వామి లెక్క సూటిగా ఉంది. ఇప్పపువ్వు రాలేది తెల్లవారుజామున. పొద్దెక్కకముందే ఏరకపోతే పశువుల పాలు. ఆ చెట్ల కింద దయ్యముందని పిల్లలు ఇళ్లలో చెప్పారట, ఆడవాళ్లు అడవికి పోవడమే మానేశారట. మంచి సీజన్లో అతని కాంటా వట్టిగా ఊగుతోంది.

తాను చెప్పింది పాడుబడ్డ బంగ్లా కథనీ, అందులో ఇప్పచెట్టే లేదనీ అరుణశ్రీ చెప్పింది. ఈ దయ్యం ఎక్కణ్నుంచి వచ్చిందని పిల్లల్ని అడిగింది.

లాలి లేచింది. "అది కథ గాదు మేడం, ఉన్నదే. ఓ ముసలమ్మ. బతికినన్నాళ్లు పువ్వు ఏరింది, ఒక్కనాడూ సరైన తూకం చూడకుండనే పోయింది. ఇప్పుడు చీకట్ల గంప పట్టుకొని నిలబడి ఎవ్వర్నీ ఏరనిస్తలేదు. కాంటా పట్టినోడు కనబడితే మణికట్టు పట్టుకుంటది. నా గంప ఎంత తూగింది బిడ్డా అంటది. తప్పు చెప్తే ఇడిచిపెట్టదు."

వెనక బెంచీలో బిచ్యా మెల్లగా బల్లను గోకాడు. కుమారస్వామి కుడి మణికట్టును ఎడమ చేత్తో కప్పుకున్నాడు.

"మరి ఆ ముసల్ది పోవాల్నంటే?"

"సరైన తూకం రాళ్లు తెస్తే పోతదంట సేటూ."

అతను లోపల్లోపల కూడికలు, తీసివేతలు చేసుకున్నాడు. వచ్చే అంగడికి కొత్త రాళ్లు తెస్తానని, పాఠం సంగతి హెడ్మాస్టరుకు చెప్పనని గొణిగి బండెక్కాడు.

బండి చప్పుడు దూరమవగానే గదంతా గోలెత్తింది. అరుణశ్రీ లాలిని దగ్గరికి పిలిచి, ఇన్నాళ్ల పువ్వు నష్టపోయిన అమ్మవాళ్ల భయం ముందు తీర్చమంది.

"వాళ్లకేం భయం మేడం? రోజూ చీకట్లనే పోయి ఏరి ఇండ్లల్ల ఎండబెడుతున్నరు. మీ బంగ్లా కథ మేం ఇంట్ల చెప్తే, ఈ ముసలమ్మను మా అమ్మోళ్లే పుట్టించిండ్రు."