గోడ అవతలి పెళ్లి

పెళ్లిళ్లకు వీడియో తీసే గిరి, అనంతపురంలోని తన దుకాణంలో నల్లమ్మకు రెండు పెట్టెలు చూపించాడు. వైరు లేకుండానే కెమెరాలోని బొమ్మను టీవీకి పంపుతాయవి.

“ఇది గోడ అడ్డమొస్తే పనిచేయదు. ఇదైతే గోడ దాటుతాది. టీవీ యాడ పెడతావు పిన్నమ్మా?”

“ఎనక గదిలో. చూసేది నేనొక్కదాన్నే. మొగుడు పోయినదాన్ని, కూతురి పెళ్లే అయినా పందిట్లోకి రావద్దన్నారు మావోళ్లు.”

గిరి గోడ దాటే పెట్టెను ముందుకు జరిపాడు.

“తాళి కట్టేటప్పుడు పాప నాకోసం ఎతుకుతాది. దీంట్లో నేను దానికి కనపడతానా?”

“లేదు పిన్నమ్మా. పందిట్లో బొమ్మ నీ గదికొస్తాది, అంతే.”

నల్లమ్మ ఆ పెట్టెను కాసేపు తడిమింది.

“అయితే రెండూ వద్దప్పా. పాప కండ్ల ముందరే కూచుంటా.”

పెళ్లినాడు పందిట్లో ఆమె పక్కన ఎవరూ కూర్చోలేదు. తాళి కట్టే వేళ పాప తలెత్తి, ఆ ఖాళీ కుర్చీల మధ్య అమ్మను వెంటనే పోల్చుకుంది.