లేడు

“మీ ఆయన చనిపోయినట్టుంది అక్కా ఇందులో,” అంది కీర్తి, కంప్యూటర్‌లోంచి తల ఎత్తకుండా.

కౌంటర్ ఇవతల కూతురితో నిలబడ్డ కనకదుర్గ తెర వైపు వంగింది. కూతురికి బడివాళ్లు అడిగిన కాగితం కోసం ఈ ఆఫీసుకొచ్చింది. మొగుణ్ణి చంపడానికి రాలేదు.

“ఎవరు సెప్పేరమ్మా అలాగని?”

“నువ్వే. సర్వేలో.”

సర్వేకొచ్చినవాళ్లు మీ ఆయన ఉన్నాడా అని అడిగారు. లేడు అంది. ఆ గదిలో లేడు, తన బతుకులో లేడు. సొంతూరు చీడికాడలో మాత్రం నిక్షేపంలా ఉన్నాడు. వాడి చేతికి దొరక్కూడదనే ఆరేళ్ల చిన్నారిని చంకనేసుకుని చోడవరం వచ్చి, టిఫిన్ కొట్టులో గిన్నెలు తోముకుంటోంది. అవేవీ వాళ్లు అడగలేదు. ‘లేడు’ అని రాసుకుని పోయారు.

ఆ కాగితాల్లోవన్నీ కొత్త జాబితాలోకి ఎక్కించారు. కొత్తదాంట్లో ‘లేడు’ అన్న మాటకు చోటు లేదు. బతికున్నాడు, చనిపోయాడు. రెండే గళ్లు. పైన ఏసీ గదిలో కూర్చున్న ఎవడో మహానుభావుడు, ‘లేడు’ అని ఎక్కడ కనబడితే అక్కడ ‘చనిపోయాడు’ అని మార్చెయ్యమని కంప్యూటర్‌కు చెప్పాడు. అది మార్చేసింది. చెరుకు కొట్టడానికి పోయి ఆ పూట ఇంట్లో లేనివాడూ చచ్చాడు. ఒక్క నొక్కుడుకి మండలంలో మూడొందల పద్నాలుగు మంది మగాళ్లు పోయారు.

ఆ లెక్క చెబుతూ కీర్తి నవ్వబోయింది. కనకదుర్గ ముఖం చూసి ఆపుకుంది.

ఇలాగే వదిలేస్తే ఏమవుతుందని కనకదుర్గ అడిగింది. ఒకటో తారీకుకి వాడి బియ్యం ఆగిపోతాయని, వాడు అక్కడి ఆఫీసుకెళ్లి నిలదీస్తాడని, ఎవరు రాయించారో అక్కడివాళ్లు పేరుతో సహా చూపిస్తారని కీర్తి చెప్పింది.

కనకదుర్గ కౌంటర్ చెక్కను రెండు చేతులా పట్టుకుంది. ఎడమచేతి చిటికెన వేలు విరిగి, వంకరగానే అతుక్కుని ఉంది.

“నన్ను సంపేస్తాడమ్మా. ఈ గుంటని కూడా వదల్డు. ఆడ్ని బతికించెయ్యి.”

“నీ ఫోన్ నంబరు సెప్పక్కా. అది లేకపోతే మార్చనివ్వదు.”

చెప్పింది. కీర్తి ‘చనిపోయాడు’ తీసేసి ‘బతికున్నాడు’ పెట్టింది. తెర మీద సున్నా ఒకటి గిర్రున తిరిగి తిరిగి ఆగింది. పచ్చటి టిక్కు పడింది.

“అయిపోయింది. ఇంక ఆయనకి ఏటీ తెలీదు.”

కనకదుర్గకు అప్పటికి ఊపిరాడింది. కాగితాలు సంచిలో కుక్కుకుని, చేతిలో ఫోన్ చిన్నారికిచ్చి, గుమ్మం దాకా నడిచింది.

“అక్కా, ఆగు.”

కీర్తి గొంతు మారిపోయింది. తెర మీద కొత్తగా ఏదో వచ్చింది. కూడబలుక్కుంటున్నట్టు పైకి చదివింది. భర్త బతికి ఉన్నందున కుటుంబ పెద్దగా నమోదు చేయడమైనది. భార్య ప్రస్తుత చిరునామా, ఫోన్ నంబరు కుటుంబ పెద్దకు మెసేజ్ ద్వారా పంపడమైనది.

ఇది వెనక్కి తియ్యమ్మా అనబోయింది కనకదుర్గ. ఈలోగా ఫోన్ మోగింది. ఆమె లాక్కునేలోపే పిల్ల ఎత్తేసింది. చెవి దగ్గర పెట్టుకుని కాసేపు విని, తలెత్తి చూసింది.

“అమ్మా, నాన్న. వచ్చేస్తన్నాడంట.”