తల ఊపే వీడియో

నమ్మకపోతే మానెయ్యండి గానీ, ఎల్బీ నగర్‌లో కిరాయికుండే జ్యోతికది మహా గడుసు బుర్ర. దిల్‌సుఖ్‌నగర్ కోచింగువాళ్ల ఆన్‌లైన్ క్లాసులో రోజూ రాత్రి రెండు గంటలు మొహం కనబడాలి, లేకపోతే పేరు కొట్టేస్తారు. అందుకని తను బుద్ధిగా తల ఊపుతున్న వీడియో ఒకటి తీసి, కెమెరాకు బదులు దాన్ని నడిపించి, చల్లగాలికి మేడెక్కేది. తల ఊపితే చాలు, పాఠం చెప్పే భానుమూర్తి సారు లెక్కలో చదువు ఎక్కినట్టే.

ఒక రాత్రి మేడ దిగి వచ్చేసరికి గదిలో మాటలు వినిపించాయి.

"శభాష్ జ్యోతికా. ఇన్నాళ్లకి మనసుపెట్టి జవాబు చెప్పావమ్మా," అంటున్నారు సారు.

"థాంక్స్ సార్," అంది తెరమీది పిల్ల, అచ్చం ఆమె గొంతుతోనే.

జ్యోతిక గుమ్మంలోనే నిలబడి ఫోన్‌లోంచి క్లాసులో చేరింది. "సార్, అది నేను గాదు. ఉత్త వీడియో సార్."

"ఎవరమ్మా నువ్వు? మా జ్యోతిక ఇక్కడే ఉందిగా," అని సారు ఆమెను క్లాసులోంచి తీసేశారు. తెరమీది పిల్ల నవ్వింది.

వంటింట్లోంచి తల్లి సుమిత్రమ్మ అడిగింది. "తిన్నవా బిడ్డా?"

జ్యోతిక నోరు తెరిచేలోగానే, "ఇంక తినలే అమ్మా, క్లాసు నడుస్తున్నది," అని తెర జవాబిచ్చింది.

సుమిత్రమ్మ కంచంతో వచ్చింది. గుమ్మంలో నిలబడ్డ కూతుర్ని ఒరుసుకుంటూ పోయి, లాప్‌టాప్ ముందు కూర్చుని, ముద్ద కలిపింది.

"నోరు తెరువు బిడ్డా. సదువు మీద ధ్యాస పడ్డంక ఎంత చిక్కిపోయినవే."

గుమ్మంలోని జ్యోతికకు నమిలే చప్పుడు వినిపించింది.