మెడలో బోర్డు

ఆ బడిలో తెలుగు మాట్లాడినవాళ్ల మెడలో 'ఐ విల్ నెవర్ స్పీక్ తెలుగు' అని ఇంగ్లిష్‌లో రాసిన బోర్డు వేస్తారు. ఇంకొకరు తెలుగు మాట్లాడి దొరికితే అది వాళ్ల మెడలోకి మారుతుంది. ఆఖరి గంటకి ఎవరి మెడలో ఉంటే వాళ్లు, బస్సులన్నీ వెళ్లేదాకా గేటు దగ్గర నిలబడాలి.

ఆఖరి పీరియడ్‌లో బోర్డు చరణ్‌తేజ మెడలో ఉంది. కలిదిండి నుంచి ఆ రోజే వచ్చి చేరిన పింకీ పక్కకి వెళ్లి కూర్చున్నాడు. పొద్దుట్నుంచి ఆ పిల్ల నోరు విప్పలేదు.

డస్టర్, అటెండెన్స్, ప్రిన్సిపాల్ అంటూ ఒక్కొక్క ఇంగ్లిష్ మాటా ఆ పిల్ల చేత పలికించాడు. పింకీ మొహం విప్పారింది.

"డిటెన్షన్?" అన్నాడు నవ్వుతూ.

"అంటే ఏంటి? నువ్వే చెప్పవా?"

"మిస్, పింకీ స్పీకింగ్ తెలుగు," అని చెయ్యెత్తాడు చరణ్‌తేజ.

సాయంత్రం గేటు దగ్గరికి వచ్చిన పింకీ తల్లి, బోర్డు చూసి ఆగింది. ఆమెకి ఇంగ్లిష్ చదవడం రాదు.

"మొదటిరోజే మెడలో వేశారా? ఏం రాశారే?"

బస్సు కిటికీల్లోంచి పిల్లలు చూస్తున్నారు.

"గుడ్ గర్ల్ అని," అంది పింకీ తల దించుకుని.

తల్లి ఫోన్ తీసింది.

"తలెత్తమ్మా. మీ నాన్నకి పంపిద్దాం. చేపల చెరువు గట్టు మీద పనిలో ఉన్నోళ్లందరికీ చూపించుకుంటాడు."