రెండో జాబెజ్

"ఛీ! చచ్చిపోయిన పసివాడి పేరు దొంగిలించారే, డోర్కస్. రెండేళ్ల పసివాడి పేరు!"

లవీనియా కళ్లద్దాలు తీసి బల్ల మీద పడేసింది. ఊరు కట్టిన తొలి కుటుంబాల వారసుల సంఘానికి ఆమె ముప్పై ఏళ్లుగా రిజిస్ట్రారు. ఎవరు అసలు వారసులో, ఎవరు కాదో తేల్చేది ఆమే.

ఆమె చిన్ననాటి స్నేహితురాలు డోర్కస్ ఉడికించిన బీన్సు గిన్నె మూత తీసింది. "ముందు తిను. తర్వాత తిట్టు."

"ముట్టబుద్ధి కావడం లేదు."

కెప్టెన్ ఎలిఫలెట్ కొడుకు జాబెజ్ గొంతువాపుతో రెండేళ్లకే పోయాడు. ఆ రోజుల్లో పోయిన బిడ్డ పేరే తర్వాత పుట్టిన బిడ్డకు పెట్టేవారు. అందుకని ఊళ్లో ఎనభై ఏళ్లు బతికిన జాబెజ్ కెప్టెన్‌కు తర్వాత పుట్టినవాడేనని అందరూ నమ్మారు. అతని వంశమంటూ ఒక కుటుంబం సంఘంలో చేరింది. ఇప్పుడు ఆ కుటుంబంలో మిగిలింది ఒకే ఒక్క ముసలావిడ.

సంఘం కొత్త పుస్తకం కోసం లవీనియా చర్చి నేలమాళిగలోంచి జ్ఞానస్నానాల చిట్టా తెప్పించింది. అందులో రెండో జాబెజ్ లేడు. మొదటివాడి తర్వాత కెప్టెన్ భార్యకు కాన్పే లేదు. ఎనభై ఏళ్లు బతికినవాడు, నిలువ నీడలేక ఈ ఊరొచ్చిన ఒక ఆడమనిషి చంకలో బిడ్డ. పద్నాలుగు రోజుల్లో ఊరు విడిచి పొమ్మని పెద్దలు ఆమెకిచ్చిన తాఖీదు కూడా దొరికింది. అయినా వాళ్లు పోలేదు.

"పాపం, దిక్కులేనివాళ్లు" అంది డోర్కస్.

"వాళ్లనేమీ అనడం లేదు. ఇది చూడు." లవీనియా కెప్టెన్ ఇంటి బైబిల్ ముందుకు తోసింది. "ఇక్కడున్న వరుసని కత్తితో గీకి, పైన 'రెండవ జాబెజ్' అని రాశారు. ఈ సిరాకి వందేళ్లు కూడా లేవు. దేవుడి పుస్తకం మీద కత్తి!"

"ఎవరో తాత ఎప్పుడో చేసిన పాడుపని. ఆవిడకేం తెలుసు? సంఘానికి ఎంత చాకిరీ చేసింది! ఆ..."

"పేరెత్తకు. విచారణలో ఉన్నవాళ్ల పేరు ఈ గదిలో పలకకూడదు."

"ఎత్తనులే తల్లీ. కానీ ఆవిడ మొగుడు నిజమైన వారసుడు, కొండ మీద సంఘం శ్మశానంలో పడుకుని ఉన్నాడు. పక్కన జాగా ఉంచుకుంది. రాతి మీద పేరు కూడా చెక్కించుకుంది. సంఘంలోంచి తీసేస్తే ఎక్కడ పూడుస్తారు?"

"కొండ మీద వారసులకే చోటు. కట్టుకున్నవాళ్లయినా సరే, రక్తం లేకపోతే లేదు."

"రాతిగుండె!"

"రెండేళ్ల కిందట మిసెస్ పిలింగ్ కొండ మీద చోటడిగి ఇదే కుర్చీలో కూర్చుని ఏడ్చింది. ఆవిడ మొగుడూ కొండ మీదే ఉన్నాడు. జాలిపడ్డానా?"

"లేదు. కనీసం మంచినీళ్లయినా ఇవ్వలేదు."

"మరి ఈవిడేం గొప్ప?"

డోర్కస్ గొంతు తగ్గించింది. "నీకూ నాకూ తప్ప ఎవరికీ తెలీదు. ఆ చిట్టా మళ్లీ నేలమాళిగలో పెట్టేస్తే..."

లవీనియా ముఖం రోతగా ముడుచుకుంది. "కత్తి పట్టిన ఆ చేతికీ నీ చేతికీ తేడా ఏముంటుందే అప్పుడు?"

డోర్కస్ గిన్నె మీద మూత పెట్టేసింది. చేతిరుమాలు తీసి కళ్లు ఒత్తుకుంది. బీన్సు చల్లారిపోయాయి.

లవీనియా టైపు మిషను ముందుకు జరుపుకుంది. ఉత్తరం మూడే వాక్యాలు. వారసత్వం అబద్ధమని తేలింది. సభ్యత్వం రద్దయింది. కొండ మీది స్థలం సంఘం వెనక్కి తీసుకుంటుంది. కింద రిజిస్ట్రారుగా సంతకం పెట్టింది, ఎప్పటిలాగే వంకర లేకుండా.

తర్వాత కవరు మిషనుకెక్కించి, దాని మీద తన పేరు, తన ఇంటి చిరునామా కొట్టింది.