టెంటులో కాపురం

టెంటులో ఇస్త్రీ చొక్కాకి చోటుండదు. అందుకని గుమాస్తాగారు చొక్కాని చెట్టుకొమ్మకి వేలాడదీసుకున్నారు. పొద్దున్నే చెరువు వైపు తిరిగి గడ్డం గీసుకోవడం, ఆ చొక్కా తొడుక్కుని పోస్టాఫీసుకి పోవడం, సాయంత్రం మళ్ళీ టెంటుకి రావడం. ఇదీ వరస.

పార్కు వాచ్‌మన్‌కి ఇది మింగుడుపడలేదు. ఉద్యోగానికి కొత్త, పాపం. టెంటు వేసుకునేవాళ్ళంటే సెలవు పెట్టుకుని వస్తారు, పడవెక్కుతారు, ఫొటోలు దిగుతారు, దోమలు కుట్టాయని తెల్లారేసరికి పోతారు. ఈ మొగుడూపెళ్ళాలు పడవ మొహం చూడలేదు. పైగా ఆవిడ టెంటు ముందు తాడు కట్టి దుప్పట్లు ఆరేసింది. కాళ్ళు తుడుచుకోవడానికి గోనెపట్టా కూడా వేసింది.

"ఏం సార్, ఇల్లూ వాకిలీ లేవా మీకు?" అన్నాడు ఆ సాయంత్రం.

"లేకేం, భేషుగ్గా ఉంది," అన్నారు గుమాస్తాగారు నడుం పట్టుకుని.

"మరి వెళ్ళచ్చుగా?"

"వెళ్ళాలి."

"వెళ్ళాలి కాదు, వెళ్ళండి. వారానికి మించి టెంటు ఉండకూడదని బోర్డు మీదే రాసుంది. నేను చెరువు చుట్టూ తిరిగొచ్చేలోగా మేకులు పీకెయ్యండి. లేదంటే నేనే పీకుతా."

వాడటు వెళ్ళాడో లేదో, బాతు ఒకటి వచ్చి గుమాస్తాగారి చెప్పు కరుచుకుని నీళ్ళలోకి దిగిపోయింది. పైన మబ్బు నల్లగా కమ్ముకొస్తోంది.

"ఇక లాభం లేదు. వెళ్ళి వాళ్ళని అడగండి," అంది ఆవిడ.

"మొహమాటంగా ఉందే."

"మీ మొహమాటమే మనల్ని ఇక్కడికి తెచ్చింది. ఇవాళ కూడా నోరు పెగలకపోతే బాతుల మధ్య పడుకోవాలి. ఆ నడుంతో మీరు మళ్ళీ లేవరు."

వాళ్ళంటే, రోడ్డవతల నీలం గేటు ఇంట్లో ఉంటున్నవాళ్ళు. బిందెడు నీళ్ళకైనా, ఫోన్ చార్జింగుకైనా వీళ్ళు పోయేది అక్కడికే. వెళ్ళిన ప్రతిసారీ అక్కడి పెద్దాయన "కరెంటు ఊరికే వస్తుందనుకున్నావా?" అంటాడు. "రాదండీ, తెలుసు," అంటారు గుమాస్తాగారు.

ఒంటికాలి చెప్పుతోనే వెళ్ళారు. నీలం గేటు కాస్త పైకెత్తి నెడితేగానీ రాదు, ఎత్తి నెట్టారు. దారినపోయే ప్రతివాడి మీదా గుర్రుమనే కుక్క లేచొచ్చి తోకాడించింది. వరండాలో వాలుకుర్చీలో పెద్దాయన స్వెట్టరు తొడుక్కుని కూర్చున్నాడు.

"ఏమయ్యా, మళ్ళీ నీళ్ళా?"

"కాదన్నయ్యా." గుమాస్తాగారి నోట వరస కలపకుండా మాట రాదు. "వానొచ్చేలా ఉంది. నడుం చూస్తే పట్టేసింది. ఈ ఒక్క రాత్రికీ లోపల ఏదో ఓ మూల..."

లోపల్నుంచి పెద్దాయన భార్య గరిటె పట్టుకునే వచ్చింది.

"లోపలా? బాగుంది సంబడం. ఉన్నవి రెండు గదులు. ఒకదాంట్లో మేము, ఇంకోదాంట్లో అమ్మాయీ అల్లుడూ. హాల్లో పిల్లలు. మేమే సర్దుకుని పడుంటున్నాం బాబూ."

"పోనీ వంటింట్లో?"

"నువ్వక్కడ అడ్డంగా పడుకుంటే పొద్దున్నే ఆయనకి కాఫీ ఎలా పెట్టను? నిన్ను దాటుకుంటూనా?"

"చూడవయ్యా," పెద్దాయన అందుకున్నాడు. "నాది ఆయాసం ఒళ్ళు. రెండు రోజులుండి పోదామని వచ్చినవాణ్ణి, ఈ చెరువు గాలికి కాస్త తేరుకున్నాను. ఇంకో నెల కదలద్దన్నాడు డాక్టరు. ఇంతమంది చాలక నిన్ను కూడా లోపల పెట్టుకుంటే నాకు గాలెక్కడిది? దానికితోడు నీకు గురక."

"మీకెలా తెలుసు?"

"రోడ్డవతల్నుంచి వినిపిస్తోందిగా."

చినుకులు మొదలయ్యాయి. ఆవిడ పీకేసిన టెంటు నెత్తిన పెట్టుకుని, చంకలో దిండుతో గేటు దగ్గర నిలబడింది. ఆ వాలకం చూసి పెద్దాయన మనసు కరిగింది.

"సరే, వరండాలో పడుకోండి. పాలవాడొచ్చేలోగా లేచిపోవాలి. ఎవరిని పడితే వాళ్ళని చేరదీశామని నలుగురూ అనుకుంటారు."

"మీది చాలా పెద్ద మనసు," అన్నారు గుమాస్తాగారు.

"అక్కయ్యా, మావన్నీ తడిసిపోయాయి, ఓ దుప్పటి ఏమన్నా ఉంటే..." అంది ఆవిడ నీళ్ళోడుతూ.

"ఎక్కడమ్మా? బీరువాలోవన్నీ పిల్లలకి పరిచేశాను."

"ఊరికే పడుకోవడమెందుకు," అన్నాడు పెద్దాయన. "స్నానాలగదిలో కుళాయి కారుతోంది, ఆ చప్పుడుకి నాకు నిద్ర పట్టట్లేదు. అది చూడు."

గుమాస్తాగారు దొడ్డివైపు నుంచి స్నానాలగదిలోకి వెళ్ళారు. కరెంటు పోయినా తడుముకోలేదు. తలుపు పైనున్న చెక్క మీద చెయ్యిపెట్టి రెంచి తీసి, నాలుగు తిప్పులు తిప్పి వచ్చారు.

టెంటుగుడ్డ మడిచి గచ్చు మీద పరుచుకున్నారు. గుమాస్తాగారు నడుం వాల్చి, హమ్మయ్య అన్నారు.

"అడిగితే ఇచ్చారు చూశావా? నువ్వు ఊరికే ఆడిపోసుకుంటావుగానీ, మంచివాళ్ళే."

ఆవిడ గోడవైపు తిరిగి పడుకుంది.

"తలుపు గట్టిగా వేసుకోండర్రా, బయట మనుషులున్నారు," అని పెద్దాయన కేకేశాడు.

లోపల్నుంచి గడియ పడింది. పోయినేడు దొంగల భయంతో గుమాస్తాగారు తన ఇంటి తలుపుకని ఏరి కొనుక్కుని, వడ్రంగిని నమ్మక తన చేత్తోనే బిగించుకున్న గడియ.